జిమ్ థోర్ప్ సినిమా చూసి మా రూంలో జరిగిన గొడవ



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపిగ్గా చదవండి. రాసేది ఒకరమే అయినా ఇది మా రూం అందరి మాట, అందుకే "మేము" అని రాస్తున్నాం. మా రూంలో ఆరుగురం. ముగ్గురం కోయ, ఇద్దరు కొండరెడ్లు, ఒకడు నాయకపోడు. ఆరుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు.

గ్రూప్స్ రాసే సీనియర్ అన్న ఒకరు మా రూంకి వచ్చి జీకే బిట్లు అడుగుతుంటారు. ఆ రోజు అడిగింది ఇది: "1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లో బంగారు పతకాలు గెలిచింది ఎవరు?" ఎవరికీ రాలేదు. "జిమ్ థోర్ప్. మనలాంటోడేరా, హాస్టల్ పిల్లోడు" అన్నారు. ఆ ఒక్క మాటకే ఫోన్లు తీసి వెతికాం. ఆయన మీద 1951లో ఒక సినిమా వచ్చింది, పేరు "జిమ్ థోర్ప్: ఆల్ అమెరికన్". ఆదివారం మధ్యాహ్నం చికెన్ తిని, అన్న లాప్‌టాప్ బకెట్ మీద పెట్టుకుని చూశాం. బ్లాక్ అండ్ వైట్. ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాక మధ్యమధ్యలో ఆపి అన్నతో చెప్పించుకున్నాం.

ముందు ఆట గురించి ఒక ముక్క. అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటది. దాన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, ఎదుటోళ్ళు మీద పడి కింద పడేస్తారు. మన కబడ్డీలో కూతకు వెళ్ళినోణ్ణి పట్టినట్టే, కాకపోతే పదకొండు మంది. ఈ రోజు ఆ దేశంలో అన్నిటికంటే డబ్బున్న ఆటల సంఘం ఎన్‌ఎఫ్‌ఎల్. అది 1920లో ఒహాయో రాష్ట్రం కాంటన్ అనే ఊళ్ళో, ఒక కార్ల షోరూంలో కూర్చుని పెట్టుకున్న సంఘం. అప్పటికి పేరు వేరు, 1922లో ఎన్‌ఎఫ్‌ఎల్ అయింది. దానికి మొదటి ప్రెసిడెంట్ ఎవరో తెలుసా? జిమ్ థోర్ప్. ఒక ఆదివాసీ. అది విని మా కొండరెడ్డి తమ్ముడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

సినిమా కథ టూకీగా: అల్లరి పిల్లోడు బడి నుంచి పారిపోతుంటాడు. చివరికి కార్లైల్ అనే ఇండియన్ స్కూల్‌కి వస్తాడు. అక్కడ పాప్ వార్నర్ అనే కోచ్ దొరుకుతాడు. ఆటగాడవుతాడు, ఒలింపిక్స్ గెలుస్తాడు. పతకాలు లాక్కుంటారు. డబ్బుకి ఫుట్‌బాల్ ఆడతాడు. చిన్న కొడుకు చనిపోతాడు. తాగుతాడు, సంసారం చెడుతుంది, కింద పడతాడు. మళ్ళీ పిల్లలకు ఆట నేర్పుతూ తేరుకుంటాడు. కథ మొత్తం కోచ్ గొంతుతో నడుస్తుంది. థోర్ప్ వేషం వేసింది బర్ట్ లాంకాస్టర్ అనే తెల్ల హీరో. డైరెక్టర్ మైకేల్ కర్టిజ్.

అయిపోయాక మాలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఒకడు మాత్రం, "ఆయన కథ ఆయన చెప్పడేందన్నా? వార్డెన్ చెప్తడేంది?" అన్నాడు. అక్కడ మొదలైంది గొడవ. తర్వాత వారం రోజులు దొరికింది దొరికినట్టు చదివాం. సినిమాలో లేనిది చాలా దొరికింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

మొదట పేరు. ఆయన పుట్టింది ఇప్పటి ఓక్లహోమాలో, శాక్ అండ్ ఫాక్స్ తెగలో. తల్లి వైపు పొటావటోమి రక్తం కూడా ఉంది. ఇంట్లో పెట్టిన పేరు వా-థో-హుక్. వెలుగు పడిన బాట అని అర్థం చెప్తారు. కవల తమ్ముడు చార్లీ తొమ్మిదేళ్ళ వయసులో జబ్బు చేసి పోయాడు. తర్వాత తల్లి పోయింది. 1904లో కార్లైల్‌లో చేరాక తండ్రి కూడా పోయాడు. సినిమాలో అల్లరి కింద చూపించిన ఆ పారిపోవడాల వెనక ఇంత దుఃఖం ఉంది.

పేరు దగ్గర మా రూం కాసేపు నిశ్శబ్దమైపోయింది. మాలో ఒకడికి పేరు పెట్టింది తాత. ఒకటో తరగతిలో చేర్చిన రోజు సారు "ఈ పేరు నోరు తిరగదు" అని తన మనవడి పేరు రాసేశారంట. ఇప్పుడు ఆధార్‌లో, టెన్త్ మెమోలో, కులం సర్టిఫికెట్‌లో అదే పేరు. ఊరికి పోతే పాత పేరు, కాలేజీలో ఆ సారు మనవడి పేరు. ఇన్నేళ్ళూ దాన్ని జోకులాగా చెప్పేవాడు. ఆ రాత్రి చెప్పలేదు.

రెండోది ఆ స్కూలు. కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ పెన్సిల్వేనియాలో ఉంది. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైన్యం ఆఫీసరు ఒక పాత మిలిటరీ క్యాంపులో పెట్టాడు. పిల్లల్లోని ఇండియన్‌ని చంపితే మనిషి మిగులుతాడు అనేది ఆయన సిద్ధాంతం, బహిరంగంగానే చెప్పాడు. రాగానే జుట్టు కత్తిరించేవాళ్ళు. పేరు మార్చేవాళ్ళు. సొంత భాష మాట్లాడితే శిక్ష. సెలవుల్లో ఇంటికి పంపకుండా తెల్ల రైతుల ఇళ్ళకు, పొలాలకు పనికి పంపేవాళ్ళు. థోర్ప్ కూడా అలా పనికి వెళ్ళాడు. 1918లో మూసేసే దాకా 140కి పైగా తెగల నుంచి దాదాపు 7,800 మంది పిల్లలు అక్కడ చదివారు. 180కి పైగా సమాధులు అక్కడే ఉండేవి. 2017 నుంచి అమెరికా సైన్యం కొన్ని సమాధులు తవ్వి, ఎముకలను వాళ్ళ వాళ్ళ తెగలకు అప్పగిస్తోంది. 2024 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఇలాంటి బోర్డింగ్ స్కూళ్ళు నడిపినందుకు ఆదివాసులకు క్షమాపణ చెప్పాడు. డిసెంబరులో కార్లైల్‌ను జాతీయ స్మారకంగా ప్రకటించాడు.

సినిమాలో చూస్తే అది మంచి కాలేజీలాగా ఉంటది. సమాధులు కనపడవు.

ఇక్కడ మేము ఒకటి నిజాయితీగా చెప్పాలి. మన హాస్టళ్ళు, ఆశ్రమ పాఠశాలలు కార్లైల్ లాంటివి అని మేము అనట్లేదు. మమ్మల్ని ఎవరూ ఎత్తుకు రాలేదు. మా అమ్మానాన్నలే సంచి సర్ది పంపించారు. హాస్టల్ లేకపోతే మాలో నలుగురం ఈపాటికి మిర్చి కోతలకు పోయేవాళ్ళం. మూడు పూటలా అన్నం, దుప్పటి, పుస్తకాలు హాస్టల్ ఇచ్చింది, ఆ మాట మర్చిపోం. కానీ క్లాసులో కోయ మాట్లాడితే నవ్వింది కూడా హాస్టలే. రెండూ నిజమే. థోర్ప్‌కి కూడా రెండూ నిజమే. కార్లైల్ లేకపోతే ఆయన్ను ప్రపంచం చూసేది కాదు. 1907లో హైజంప్ ప్రాక్టీసు జరుగుతుంటే అటుగా పోతూ, మామూలు బట్టల్లోనే దూకి దాటేశాడంట. అలా మొదలైంది.

తర్వాత ఆయన ఆట చూడండి. 1911లో హార్వర్డ్ యూనివర్సిటీ మీద కార్లైల్ 18-15తో గెలిచింది. నాలుగు ఫీల్డ్ గోల్స్ ఆయనవే. 1912లో ఆర్మీ జట్టును 27-6తో ఓడించారు. ఆ ఆర్మీ జట్టులో ఆడిన ఐసెన్‌హోవర్ అనే కుర్రాడు తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. తాతల మీద తుపాకీ పట్టిన సైన్యం జట్టుని మనవళ్ళు మైదానంలో ఓడించారు. ఇది చదివినప్పుడు మా రూంలో వేసిన ఈలలకు పక్క రూం వాళ్ళు వచ్చి తలుపు కొట్టారు.

ఇప్పుడు పతకాల సంగతి. స్టాక్‌హోంలో గెలిచిన ఆరు నెలలకు, 1913 జనవరిలో ఒక పేపరు రాసింది: ఈయన 1909, 1910 వేసవుల్లో నార్త్ కరొలైనాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడు అని. అప్పట్లో ఒలింపిక్స్‌కి రావాలంటే ఆటకు ఒక్క పైసా తీసుకుని ఉండకూడదు. అంతే, పతకాలు వెనక్కి తీసుకున్నారు, రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు.

ఇందులో మూడు విషయాలు గమనించాలి. ఒకటి, ఆ రోజుల్లో చాలామంది కాలేజీ ఆటగాళ్ళు వేసవిలో దొంగ పేర్లతో ఆడి డబ్బు తీసుకునేవాళ్ళు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు. దొంగతనం తెలియనోడు దొరికిపోయాడు. రెండు, ఆటలు అయిపోయిన ముప్పై రోజుల్లోపే అభ్యంతరం చెప్పాలని ఒలింపిక్స్ నిబంధనే ఉంది. ఆరు నెలల తర్వాత చెప్పింది చెల్లదు. కానీ ఆయన తరఫున ఆ నిబంధన తీసి చూపించినవాళ్ళు ఒక్కరూ లేరు. మూడు, ఆయన పేరుతో ఒక ఉత్తరం వెళ్ళింది: నేను లోకం తెలియని ఇండియన్ స్కూలు పిల్లాణ్ణి, తెలియక చేశాను, క్షమించండి అని. ఆ ఉత్తరం తయారు చేయడంలో కోచ్ వార్నర్ చేయి ఉందని చరిత్ర రాసినవాళ్ళు అంటారు. కోచ్ మాత్రం తనకేమీ తెలియదన్నాడు. తన ఆటగాళ్ళు రెండేళ్ళు ఎక్కడికి పోయారో కోచ్‌కి తెలియదంటే మీరే ఆలోచించండి.

మాలో ఒకడు సంక్రాంతికి ఊరూరా తిరిగి కబడ్డీ ఆడతాడు. గెలిస్తే వచ్చిన డబ్బు పంచుకుని, తన వాటా ఇంటికి పంపుతాడు. "రేపు నేను ఇండియాకి ఆడి గెలిచినాక ఇది తప్పంటే, నా తరఫున నిబంధనల పుస్తకం ఎవరు తీస్తరు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఇక డబ్బుకి ఆడిన ఫుట్‌బాల్. 1915లో కాంటన్ బుల్‌డాగ్స్ జట్టు ఆయనకు మ్యాచ్‌కి 250 డాలర్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆయన్ను చూడటానికే జనం టికెట్లు కొన్నారు. 1920లో సంఘం పెట్టినప్పుడు ప్రెసిడెంట్ చేసింది కూడా ఆ పేరు కోసమే. పేరు ఆయనది, సంఘం వాళ్ళది.

మాకు ఎక్కువ తగిలింది 1922, 1923 సంగతి. ఒహాయోలో లారూ అనే పల్లెలో వాల్టర్ లింగో అని కుక్కల వ్యాపారి ఉండేవాడు. ఊరాంగ్ అనే పేరుతో ఎయిర్‌డేల్ జాతి కుక్కలు అమ్మేవాడు. ఆ కుక్కల ప్రచారం కోసం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక జట్టు కొన్నాడు. జట్టు ధర 100 డాలర్లు, ఆయన అమ్మే ఒక కుక్క ధర 150 డాలర్లు అని చెప్తారు. జట్టు పేరు ఊరాంగ్ ఇండియన్స్. ఆటగాళ్ళందరూ ఆదివాసులే. నాయకుడు, కోచ్ థోర్ప్. ఆట మధ్య విరామంలో ఆటగాళ్ళు లోపలికి పోయి నీళ్ళు తాగి కూర్చోవడానికి లేదు. ఈకలు కట్టుకుని యుద్ధ నృత్యాలు చేయాలి, గొడ్డళ్ళు విసరాలి, కుక్కలతో విన్యాసాలు చూపించాలి. జనం వచ్చింది దానికే. రెండేళ్ళలో నాలుగు మ్యాచ్‌లు గెలిచి పదహారు ఓడిపోయారు. విరామంలో డ్యాన్సు వేసినోడికి రెండో సగం ఆడటానికి ఊపిరి ఎక్కడుంటది?

ఇక్కడికి వచ్చేసరికి రూంలో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే మా కాలేజీ వార్షికోత్సవం దగ్గర పడింది. ప్రతి ఏడాదిలాగే ఈసారీ పిలుపు వచ్చింది: "ట్రైబల్ హాస్టల్ పిల్లలు కొమ్ములు పెట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. ముఖ్య అతిథి కారు దిగగానే డప్పు కొట్టి స్టేజీ దాకా ఆడుకుంటూ తీసుకురావాలి."

కొమ్ము నృత్యం మాకు సిగ్గు కాదు. పెళ్ళికీ పండక్కీ మా నాన్నలు, మామలు ఆడేది అది. ఆ కొమ్ములు ఇంట్లో భద్రంగా దాచుకుంటారు, ఎప్పుడు పడితే అప్పుడు తియ్యరు. మా బాధ వేరే. పోయినేడు ఎండలో రెండు గంటలు గేటు దగ్గర నిలబెట్టారు. అతిథి వచ్చారు, ఫోటో దిగారు, వెళ్ళిపోయారు. స్టేజీ మీద మా పేర్లు చెప్పలేదు, అది ఏ నృత్యమో చెప్పలేదు. మర్నాడు పేపర్లో "గిరిజన నృత్యంతో స్వాగతం" అని ఒక లైను. యూనివర్సిటీ స్థాయి వ్యాసరచనలో ప్రైజు కొట్టింది మా రూం వాడే. వాణ్ణి ఎవరూ స్టేజీ ఎక్కించలేదు. వాడు కూడా కొమ్ములు పెట్టుకుని గేటు దగ్గరే ఉన్నాడు.

సినిమాలో లేని ఇంకో సంగతి చెప్పి మా విషయానికి వస్తాం. 1914లో కార్లైల్ పిల్లలే తిరగబడ్డారు. థోర్ప్‌తో కలిసి ఆడిన గస్ వెల్ష్ అనే ఆటగాడు ముందు నిలబడ్డాడు. ఫుట్‌బాల్ మీద వచ్చే డబ్బు ఏమవుతోంది, కోచ్ పిల్లలతో ఎలా ప్రవర్తిస్తున్నాడు, సూపరింటెండెంట్ ఏం చేస్తున్నాడు, విచారణ చేయండి అని అర్జీ రాశారు. రెండు వందల మందికి పైగా విద్యార్థులు సంతకాలు పెట్టారు. అమెరికా కాంగ్రెస్ కమిటీ కార్లైల్‌కి వచ్చి పిల్లల సాక్ష్యం రాసుకుంది. సూపరింటెండెంట్ పోయాడు, కోచ్ వేరే చోటికి వెళ్ళిపోయాడు. సినిమాలో తండ్రిలాగా కథ చెప్పే కోచ్ మీద సొంత ఆటగాళ్ళే సంతకాలు పెట్టారన్నమాట!

తర్వాతి బతుకు మీకు త్వరగా చెప్తాం. 1928లో ఆట ఆపేశాడు. కరువు రోజుల్లో పలుగు, పార పట్టి మట్టి పని చేశాడు. 1931లో తన జీవిత కథ హక్కులు సినిమా కంపెనీ ఎంజీఎంకి 1,500 డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ హక్కులు చేతులు మారి వార్నర్ బ్రదర్స్ సినిమా తీసింది. హాలీవుడ్‌లో ఆయనే చిన్న చిన్న వేషాలు వేశాడు. ఇండియన్ వేషాలు ఇండియన్లకే ఇవ్వండి అని పోరాడాడు కూడా. చివరికి ఆయన వేషమే తెల్లవాడు వేశాడు. 1950లో విలేకర్లు ఓటేసి, ఆ యాభై ఏళ్ళలో అందరికంటే గొప్ప ఆటగాడు ఇతనే అన్నారు. 1951లో, సినిమా వచ్చిన ఏడాదే, పెదవి కాన్సర్‌కి ఆపరేషన్ అయితే ఆస్పత్రి డబ్బు తీసుకోకుండా చేసింది, ఇంట్లో డబ్బు లేదు కాబట్టి. 1953లో చనిపోయాడు.

చనిపోయాక కూడా ఊరుకోలేదు. ఓక్లహోమాలో తెగ వాళ్ళు అంత్యక్రియలు జరుపుతుంటే మధ్యలోనే మూడో భార్య శవాన్ని తీసుకుపోయింది. పెన్సిల్వేనియాలో రెండు చిన్న ఊళ్ళు కలిసిపోయి "జిమ్ థోర్ప్" అని పేరు పెట్టుకుని, ఆయన్ను అక్కడ పాతిపెట్టాయి. టూరిస్టులు వస్తారని. కొడుకులు కోర్టుకు వెళ్ళారు. 2013లో గెలిచారు, 2014లో పై కోర్టులో ఓడిపోయారు, 2015లో సుప్రీంకోర్టు వినను అంది. ఈ రోజుకీ ఆయన సొంత నేలకు చేరలేదు.

పతకాలు? 1982లో ఒలింపిక్ కమిటీ తిరిగి ఇస్తామంది. ఆ ముప్పై రోజుల నిబంధన పుస్తకాన్ని లైబ్రరీలో వెతికి పట్టుకున్న ఇద్దరు పరిశోధకుల వల్ల అది జరిగింది. కానీ "ఉమ్మడి విజేత" అన్నారు. పూర్తిగా ఆయన ఒక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022 జూలైలో. నూట పది ఏళ్ళు! అది కూడా ఆదివాసుల సంస్థ ఒకటి పట్టుబట్టి అడిగితే. ఆ సంస్థ పేరు బ్రైట్ పాత్ స్ట్రాంగ్. ఆయన తల్లి పెట్టిన పేరే.

ఇప్పుడు మా గొడవ. ఇదంతా చదివాక మేమూ ఒక అర్జీ రాశాం. మేము ఆడం అని రాయలేదు. మూడే అడిగాం. గేటు దగ్గర కాదు, స్టేజీ మీద ఆడతాం. ఆడే ముందు మాలో ఒకరు ఐదు నిమిషాలు ఇది ఏ నృత్యం, ఎవరిది, ఎందుకు ఆడతారో చెప్తారు. ఆడినవాళ్ళ పేర్లు, మేము చెప్పిన పేర్లు, మైకులో చదవాలి.

ఆరుగురిలో నలుగురం సంతకం పెట్టాం. ఇద్దరు పెట్టలేదు. ఒకడి స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు, సంతకం ఎక్కడో అడ్డం పడుతుందని భయం. ఇంకొకడు, "వాళ్ళు ఏమన్నా అంటే మా నాన్న ఇంత దూరం రాలేడు" అన్నాడు. ఆ రాత్రి మాటా మాటా పెరిగింది. పిరికోడివి అని ఒకడు నోరు జారాడు. రెండు రోజులు పళ్ళెం పక్కన పళ్ళెం పెట్టుకుని తినలేదు. తర్వాత మాకే అనిపించింది, కార్లైల్‌లో కూడా సంతకం పెట్టనివాళ్ళు ఎందరో ఉండి ఉంటారు, వాళ్ళూ మనోళ్ళే కదా అని. నోరు జారినోడే పోయి వాణ్ణి అన్నానికి పిలుచుకొచ్చాడు. సంతకం పెట్టని ఆ తమ్ముడే అర్జీలో తప్పులు దిద్ది, మంచి కాగితం మీద మళ్ళీ రాసిచ్చాడు. చేతిరాత వాడిది, సంతకాలు మావి.

అర్జీ ఇచ్చి నాలుగు రోజులైంది. "చూద్దాం" అన్నారు. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే గేటు దగ్గర ఆడాలా వద్దా అనేది మాలో మాకే తేలలేదు. సీనియర్ అన్నలు, అక్కలు మీ కాలేజీల్లో ఇలాంటిది జరిగినప్పుడు ఏం చేశారో కింద రాయండి, మాకు పనికొస్తది.

ఆ ఐదు నిమిషాలు దొరికితే మాట్లాడేది ఎవరో మాత్రం తేలిపోయింది. బడిలో సారు మనవడి పేరు పడినోడే మాట్లాడతాడు. మైకు దగ్గర మొదట తాత పెట్టిన పేరు చెప్తానంటున్నాడు. రోజూ రాత్రి లైటు ఆపేశాక ప్రాక్టీసు చేస్తున్నాడు, మాకు వినపడుతూనే ఉంది.

జై ఆదివాసీ.

ఇట్లు
మీ హాస్టల్ రూం తమ్ముళ్ళు, ఆరుగురం